బోర్లించిన గిన్నెలు

మధ్యాహ్నం రెండు గంటలకు దెయ్యం వచ్చిందంటే ఎవరైనా నమ్ముతారా? దెయ్యాలకు మాత్రం ఒక పద్ధతీ పాడూ ఉండొద్దూ! మా సుగటూరులో ఆ వేళకు కోళ్ళు కూడా గోడనీడకు చేరి కళ్ళు మూసుకుంటాయి. అయినా పిల్లమ్మ ఇంట్లో అది మొదలైంది సరిగ్గా ఆ రెండు గంటల వేళే, ఫెళఫెళా కాస్తున్న ఎండలో.

పిల్లమ్మ కోడలు గురువమ్మ ఆ రోజు ఏడు నెలల పాపను ఒళ్ళో వేసుకుని నడవలో చాప మీద కూర్చుని ఉంది. అత్తా, భర్త రామచంద్రా ఆకు కోయడానికి మల్బరీ తోటకు పోయారు. ఇంట్లో ఉన్నది తనూ, పాపా, పెరటి వైపు గదిలో తట్టల నిండా పట్టుపురుగులూ. ఆ పురుగులు ఆకు తింటుంటే పెంకుల మీద సన్నగా వాన పడుతున్న చప్పుడొస్తుంది. అది వింటూ గురువమ్మ రెప్పపాటు కళ్ళు మూసింది. రెప్పపాటే అనుకుంది. దాహమేసి లేచి వంటింట్లోకి పోయి, గడప మీదే కొయ్యబారిపోయింది.

సజ్జ ఖాళీగా ఉంది. సజ్జంటే గోడకు తలెత్తున పొడుగ్గా పరిచిన రాతిబండ. పిల్లమ్మ ప్రాణమంతా దాని మీదే. తన గిన్నెలన్నీ చింతపండేసి తోమి, వచ్చినవాళ్ళ కంట పడేలా దాని మీద పేర్చుకుంటుంది. ఇప్పుడు ఒక్కటంటే ఒక్కటి లేదు. అన్నీ నేల మీద, గోడ పొడుగునా, బోర్లించి ఉన్నాయి. పెద్ద తప్పేలాతో మొదలై చిన్న గ్లాసు దాకా వరస తప్పకుండా. ఆ చివరి గ్లాసుకు ముందు మాత్రం జానెడు ఖాళీ.

గిన్నెలను చూసి కాదు, ఆ జానెడు ఖాళీని చూసి గురువమ్మ బెదిరింది. అట్లా పెట్టే మనిషి లోకంలో ఒక్కడే ఉండేవాడు. అతను పోయి ఇరవై ఏళ్ళయింది.

అతను గురువమ్మ నాయన నరసింహప్ప. కోలారు బంగారు గనుల్లో పని. వాళ్ళ తాతల కాలంలో మదనపల్లె వైపు నుంచి గనికి వచ్చి, గని లైన్లలోనే, అంటే కూలీల ఇళ్ళ వరసల్లోనే, పుట్టి పెరిగిన కుటుంబం. గనులను సర్కారు తీసుకుంది, దొరలు పోయారు, కొత్త ఆఫీసర్లు వచ్చారు. భూమి లోపలి బండకు మాత్రం ఆ సంగతి ఎవరూ చెప్పినట్టు లేదు, అది ఎప్పటిలాగే పగులుతూ ఉండేది. మైళ్ళ లోతున బండ ఒత్తిడికి పేలితే పైన ఇళ్ళు ఊగేవి. ఏర్ బ్లాస్ట్ అనేవాళ్ళు దాన్ని. ఎప్పుడొస్తుందో చెప్పి రాదు. అందుకే నరసింహప్ప ఏ షిఫ్టుకు పోయినా సరే, పోయేముందు గిన్నెలన్నీ తన చేత్తోనే దింపి గోడవారగా బోర్లించేవాడు. చివరి గ్లాసుకు ముందు జానెడు చోటు తన అన్నం క్యారియర్‌కు. ఇంటికి తిరిగి రాగానే దాన్ని కడిగి అక్కడ పెట్టేవాడు. గురువమ్మకు ఎనిమిదేళ్ళప్పుడు ఒకరోజు రెండో షిఫ్టుకని మధ్యాహ్నం రెండుకు దిగి, మళ్ళీ పైకి రాలేదు.

ఆ రోజు ఇంట్లో ఇంకొకటి కూడా జరిగింది. అది గురువమ్మ ఎవరికీ చెప్పలేదు, కన్నతల్లికి కూడా.

ఇప్పుడు గనులు మూసి కూడా మూడేళ్ళు. గురువమ్మ పట్టుపురుగులు పెంచే ఇంటికి కోడలై వచ్చి, నిమ్మళంగా కాపురం చేసుకుంటోంది. ఇదిగో, పక్క పొలం దొడ్డమునియప్ప బోరు వేయించేవరకూ అంతా బాగానే ఉంది. మా కోలారులో నీళ్ళ కోసం వెయ్యి, పన్నెండు వందల అడుగులు తవ్వడం వింతేమీ కాదు. బోరు లారీ వచ్చి నిలబడి ధడ్ ధడ్ మని రాతిని కొడుతుంటే సజ్జ మీద గ్లాసులు సన్నగా వణికాయి. ఎవరూ తలెత్తి చూడలేదు. గురువమ్మకు మాత్రం గుండె గొంతులోకి వచ్చింది. ఊపిరాడలేదు, అరచేతులు చెమటతో తడిసిపోయాయి. నేల మీద చెయ్యి ఆనించి, "వచ్చేస్తా ఉండాది, వచ్చేస్తా ఉండాది" అంది. ఏమొస్తోందని రామచంద్ర అడిగితే చెప్పలేకపోయింది. లారీ నాలుగు రోజుల్లో పోయింది. ఆ దడ పోలేదు.

సరే, గిన్నెల సంగతికొద్దాం. పిల్లమ్మ ఆకుమోపు దించి వంటింట్లోకి తొంగి చూసింది.

"ఏమ్మే గురువమ్మా, సామానంతా కింద పెట్టినావేంటికి?"

"నేను పెట్టలేదత్తా."

"అయితే పాప పెట్టినాదా? దానికింగా పండ్లు కూడా రాలేదే!"

అని నవ్వేసింది పిల్లమ్మ. గురువమ్మ నవ్వలేదు. ఆ రాత్రంతా ఆమెకు భయంతోపాటు ఇంకోటి కూడా కలిగింది. చెప్పుకోడానికి సిగ్గుపడింది కానీ, అది సంతోషమే. నాయన వచ్చాడు. ఇరవై ఏళ్ళకు తన ఇల్లు వెతుక్కుంటూ వచ్చాడు. ఆలోచించగా ఆలోచించగా సంతోషం కాస్తా కరిగి భయమే మిగిలింది. నాయన గిన్నెలు దింపాడంటే ఏదో రాబోతోందనేగా?

మూడు రోజులకు మళ్ళీ దిగాయి. అదే వేళ, అదే వరస. మూడోసారి ఇంట్లోకి ముందు అడుగుపెట్టింది పిల్లమ్మే. ఆమె కెవ్వుమన్న కేకకు నడవలో ఉన్న గురువమ్మ ఉలిక్కిపడి లేచింది. ఒళ్ళో పాప లేదు.

ఈసారి ఆ ఖాళీ జానెడు కాదు, మూరన్నర. దాంట్లో, బోర్లించిన గిన్నెల మధ్య, పాప వెల్లకిలా పడుకుని కాళ్ళాడిస్తోంది. తల దగ్గర ఒక చిన్న గిన్నె, కాళ్ళ దగ్గర చివరి గ్లాసు.

"బిడ్డనూ గిన్నెనూ ఒకటి చేసినావేమే!" పిల్లమ్మ పాపను ఎత్తి గుండెకు హత్తుకుంది. "నిజం చెప్పు. ఎవురు పెట్టినారు దీన్ని ఇక్కడ?"

"మా నాయన" అంది గురువమ్మ. నోరు జారిందో, నిజంగా అదే నమ్ముతోందో ఆమెకే తెలియదు. పిల్లమ్మ ముఖం పాలిపోయింది. మర్నాడే కోడలి మెడలో ఒక తాయెత్తు, పాప మొలకొకటి, గడపకొకటి. తాయెత్తులు వాటి పని అవి చేశాయో లేదో కానీ, ఓ పది రోజులు సజ్జ కదల్లేదు.

పదకొండో రోజున ఊళ్ళో ఎవరిదో పెళ్ళి. తల్లీకొడుకులు పోయారు. పురుగులు నాలుగో జ్వరం తీరి లేచాయి. పురుగు తోలు మార్చుకుంటే మా వైపు జ్వరమంటాం. అట్లాంటి జ్వరాలు నాలుగు. నాలుగోది తీరాక ఆకలిగొని తింటాయి చూడండీ, గదిలో కుంభవృష్టే! సాయంత్రం నాలుగవుతుండగా చాప మీద కూర్చున్న గురువమ్మకు ఏదో తేడాగా తోచింది. వాన ఆగిపోయింది.

గదిలో చప్పుడే లేదు. పాపను చంకనేసుకుని గడప ఇవతల నుంచే తలుపు తోసింది. స్టాండ్లన్నీ ఖాళీ. పురుగుల తట్టలు ఒక్కటి మిగలకుండా నేల మీద, గోడవారగా వరసగా ఉన్నాయి. చివరి తట్టకు ముందు జానెడు ఖాళీ. చీమలెక్కకుండా స్టాండు కాళ్ళ కింద నీళ్ళ గిన్నెలు పెడతారే, అవి నిండుగా, పనికిరాకుండా అట్లాగే ఉన్నాయి. నేల మీది తట్టల్లో తెల్లటి పురుగులు కనబడలేదు. వాటిని కప్పేసి కదులుతున్న నల్లటి చీమలున్నాయి.

గురువమ్మ అరవలేదు. ఆమె కళ్ళు నేల మీద ఇంకోదానికి అతుక్కుపోయాయి. జ్వరం తీరాక పురుగులకు రోగం రాకుండా సున్నప్పొడి చల్లుతారు. ఆ పొడి తొక్కిన పాదాలు తెల్లటి అచ్చులు వేసుకుంటూ గది దాటి, పెరటి గడప దాటి, లోపలికి పోయాయి. ఇదిగో నాయన అడుగులు, చూడండి నేను చెబితే నమ్మారు కాదు, అనుకుంటూ ఒక్కో అచ్చు పక్కనే నడుస్తూ పోయింది. నాయనవి ఇంత చిన్న పాదాలా? అచ్చులు వంటింటి వైపు తిరగలేదు. వీధి వైపూ పోలేదు. నడవలోకి వచ్చి, చాప దగ్గర ఆగిపోయాయి. తను కూర్చున్న చాప.

గోడకు చెయ్యి ఆనించి గురువమ్మ కుడికాలు ఎత్తి చూసుకుంది. అరికాలంతా తెల్లగా ఉంది.

అంతవరకూ ఆమె దెయ్యానికి భయపడింది. అది ఎంత మంచి భయమో అప్పుడు తెలిసింది. దెయ్యమైతే తాయెత్తు కడతారు. తన చేతులే తనకు చెప్పకుండా లేచి పోయి పని చేసి వస్తుంటే, వాటికేం కడతారు? ఈ చేతులేగా పాపను ఎత్తుకునేది. రేపు ఇవి ఇంకేం చేస్తాయో ఎవరు చెప్పొచ్చారు?

పెళ్ళి నుంచి వచ్చి పురుగుల గది చూసిన రామచంద్ర గోడకు చతికిలబడ్డాడు. పిల్లమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, ఏడుస్తూనే తీర్పు చెప్పింది.

"పంట పోతే మళ్ళా గుడ్లు తెచ్చుకుంటాము. బిడ్డ పోతే యాడ తెచ్చేదమ్మా? వచ్చే వారం కొత్త పురుగు తెస్తాము. అది గూడు కట్టేలోపల నువ్వు సక్కగా ఉంటివా, బిడ్డ నీ ఒళ్ళోనే ఉంటాది. లేదా, నంగలి నించి హనుమక్కను పిలిపిస్తాను. మేనత్త కదా, బాగా సాకుతాది. నువ్వు మీయమ్మ కాడికి పోయి ఉండు."

"అమ్మా!" అన్నాడు రామచంద్ర. గురువమ్మ ఏమని వాదిస్తుంది? తెల్లటి అరికాళ్ళు చీర కుచ్చెళ్ళ కింద దాచుకుని కూర్చుంది. పురుగు పుట్టి గూడు కట్టడానికి నెలరోజులకు తక్కువే.

ఆ వారంలోనే పాపకు టీకా వేయించాల్సి వచ్చింది. సర్కారు ఆస్పత్రిలో నర్సు పాపను బల్ల మీద పడుకోబెట్టిందో లేదో, గురువమ్మ లాక్కుని నేల మీద పెట్టేసి, తను అడ్డంగా కూర్చుంది. నర్సు అరవబోయి, ఆ ముఖం చూసి, తనూ నేల మీదే గొంతుక్కూర్చుని పాపకు సూది వేసింది. తర్వాత రామచంద్రను పక్కకు పిలిచింది. గురువారం గురువారం రాబర్ట్‌సన్‌పేట ఆస్పత్రికి కౌన్సెలింగ్ చేసే ఆమె వస్తుందని చెప్పింది.

"పిచ్చికి చూసేవాళ్ళా అక్కా?" అన్నాడు రామచంద్ర గొంతు తగ్గించి.

"నీకు కాలిరిగితే కట్టు కట్టేవాడి కాడికి పోతావా, లేదా? భయానికీ చూసేవాళ్ళుండారు. పిచ్చీ గిచ్చీ అంటే ఇదే సూది నీకేస్తాను!"

ఆ కౌన్సెలింగ్ ఆమె పేరు మునిలక్ష్మమ్మ. నలభై దాటిన మనిషి, నూలుచీర, ముక్కు మీదికి జారే కళ్ళద్దాలు. చిన్న గది, రెండు కుర్చీలు, ఒక బల్ల. బల్ల అంచున టీ గ్లాసు. గురువమ్మ కుర్చీలో కూర్చుందే కానీ ఆ గ్లాసు మీంచి చూపు తిప్పుకోలేకపోయింది. చివరికి ఉండబట్టలేక లేచి, గ్లాసు తీసి నేల మీద పెట్టేసింది. మునిలక్ష్మమ్మ వంగి గ్లాసు తీసుకుని ఒక గుక్క తాగి, మళ్ళీ నేల మీదే పెట్టింది. గురువమ్మకు ఏడుపు తన్నుకొచ్చింది.

"నేను ములబాగిలు దాన్నమ్మా. గని సంగతులు నాకేమీ తెల్దు. గ్లాసు పైనుంటే ఏమైతాది, నువ్వే చెప్పు."

ఏర్ బ్లాస్ట్ గురించి, నాయన గురించి, బోరు గురించి, తెల్లటి అడుగుల గురించి చెప్పింది గురువమ్మ. ఒక ముక్క తప్ప అంతా చెప్పింది. చివర్లో తన అరచేతులు తిప్పి చూసుకుంది. "నా చేతుల్ని చూస్తే నాకు బయం మేడం. పాపకేమన్నా చేస్తానేమో."

మునిలక్ష్మమ్మ అడిగింది. "ఆ దినం పాపను ఎత్తకపోయి యాడ పెట్టినాయి నీ చేతులు?"

"గిన్నెల నడాన. నాయన క్యారియర్ చోట్లో."

"చిన్నప్పటి నించి నీకు తెలిసిన చోట్లల్లో బద్రమైన చోటు ఏది?"

గురువమ్మకు అప్పుడు తట్టింది. అదే. అదే చోటు.

"నీ చేతులు చెడ్డవి కాదమ్మా. వాటికి ఇంగా ఆనాటి కాలమే నడస్తా ఉండాది. భయం మరీ ఎక్కువైతే మనిషి ఒక్కోసారి ఒళ్ళు మరిచిపోయి పని చేసేస్తాడు, తర్వాత గుర్తుండదు. నువ్వొక్కదానివే కాదు, శానా మందికి ఉండాది. గనిలో ప్రమాదమైతే సైరన్ కొడతారు కదా? నీ ఒంట్లోనూ ఒకటుంది. బోరు దెబ్బకు అది మళ్ళా మోగబట్టినాది. ఆ మోత అబద్ధమని నేననను, గుండె దడ నిజమే. అయితే సైరన్ మోగినంత మాత్రాన బండ పగిలినట్లు కాదు."

ఒక పని చెప్పి పంపింది. రోజూ మధ్యాహ్నం రెండుకు సజ్జ మీద ఒకే ఒక గ్లాసు పెట్టాలి, మిగతావి కిందే ఉండనీ. ఎదురుగా కూర్చోవాలి. పక్కన రామచంద్ర ఉండాలి. భయం పదికి ఎంతుందో ఐదు నిమిషాలకోసారి కాగితం మీద రాయాలి. అది సగానికి దిగేదాకా గ్లాసు ముట్టకూడదు. అక్కడి పెద్ద డాక్టరు నిద్రకూ దడకూ మాత్రలు రాశాడు. మందు, మాట రెండూ కావాలన్నాడు.

చెప్పినంత సులువా అది! మొదటి రోజు పది రాసి, ఐదు నిమిషాలకు మళ్ళీ పది రాసి, గ్లాసు దింపేసి పరుగెత్తింది. రెండో రోజూ అంతే. కొత్త పురుగులకు మొదటి జ్వరం వచ్చింది, తీరింది. కాగితం నిండా పదులే. నాలుగో రోజో, ఐదో రోజో, తొమ్మిది రాసి కూర్చుని ఉండగా గురువమ్మకు వీపు వెనక ఎవరో నిలబడినట్టు తెలిసింది. మెడ మీద వెచ్చటి ఊపిరి. ఆమె తల తిప్పలేదు. భుజం పక్కనుంచి ఒక చెయ్యి మెల్లగా ముందుకొచ్చి, గ్లాసు వైపు చాచింది. నల్లటి చెయ్యి, వేళ్ళ సందుల్లో తెల్లగా రాతిదుమ్ము.

"గురువమ్మా" అన్నాడు రామచంద్ర. "నీ చెయ్యి."

అవును, తన చెయ్యే. మల్బరీ పసరుతో నల్లబడి, సున్నప్పొడి అంటిన తన సొంత చెయ్యి. ఆమె దాన్ని రెండో చేత్తో పట్టుకుని, మెల్లగా, పిల్లను సముదాయించినట్టు ఒళ్ళోకి తెచ్చుకుంది. గ్లాసు పైనే ఉంది. అరగంటకు ఆరు రాసింది. తర్వాత ఐదు. ఆ ఐదంకెను రామచంద్ర తిప్పి తిప్పి చూసుకుని, పక్కింటివాళ్ళకు కూడా చూపించొచ్చాడు, ఏదో మెట్రిక్ పాసైనట్టు!

అయినా పాపను ఉయ్యాల్లో వేయడానికి ఆమెకు చేతులు రాలేదు. ఇంటి దూలానికి చీర కట్టి ఉయ్యాల వేయాలని పిల్లమ్మకు ఎప్పటి నుంచో ఆశ. గురువమ్మ కట్టనిచ్చేది కాదు, పాప నేల మీదే పడుకోవాలి. రెండో జ్వరం తీరింది. మూడోది వచ్చింది. రోజులు దగ్గరపడ్డాయి.

మూడో గురువారం మునిలక్ష్మమ్మ అడగకుండానే గురువమ్మ ఆ దాచిన ముక్క బయటపెట్టింది.

"ఆ దినం నాయన ఇంట్లోనే తిని పోయినాడు మేడం, క్యారియర్ తీసకపోలేదు. గిన్నెలన్నీ కింద పెట్టి, దాన్నీ దాని చోట్లో పెట్టి పోయినాడు. పేటలో మా క్లాసు పిల్ల ఇంట్లో సజ్జ మీద సామాను తళతళమంటా ఉంటాది. మా ఇంట్లోనూ ఒకటన్నా అట్ల పెట్టి చూడల్లని, నేను పెట్టె ఎక్కి క్యారియర్‌ను పైన పెట్టినాను. దూరం పోయి నిలబడుకోని చూసినాను. బాగుండాది అనుకుంటి. అంతలోనే ఇల్లు ఊగింది. అది కింద పడింది. నేను బెదిరిపోయి దాని చోట్లో దాన్ని పెట్టేసినాను, సొట్ట గోడ పక్కకు తిప్పి. అప్పుడే సైరన్ మోగింది." ఆమె తలెత్తలేదు. "నేను పైన పెట్టకుండా ఉంటే..."

ఇరవై ఏళ్ళు. ఇరవై ఏళ్ళు ఆ ఎనిమిదేళ్ళ పిల్ల తండ్రిని తానే చంపానని మోసింది, ఒక్క మనిషికి చెప్పకుండా! మునిలక్ష్మమ్మ మాత్రం నీ తప్పు లేదని అనలేదు, ఊరుకోమనీ అనలేదు. మంచినీళ్ళిచ్చి, కొంచెం తేరుకున్నాక ఒకే ఒక మాట అడిగింది.

"మీ లైన్లో ఎన్నిండ్లు?"

"ఇరవై ఉంటాయేమో."

"అన్నిండ్లల్లోనూ సామాను కింద పెడతా ఉండిరా?"

"తెల్దు."

"మీయమ్మ ఈ ఊర్లోనే కదా ఉండేది? అడిగి తెలుసుకోని రా. నేను చెప్తే ఓదార్చినట్లుంటాది. తెలిసినవాళ్ళను అడుగు."

బజారు వెనక సందులో తల్లి వెంకటలక్ష్మమ్మ ఇల్లు. వాకిట్లో నిలబడితే సందు చివర, బంగారం తీసేశాక గనివాళ్ళు పారబోసిన తెల్లటి సైనైడ్ దిబ్బ కనిపిస్తుంది. గురువమ్మ గడపలోనే నిలబడి అంతా చెప్పేసింది, కూర్చుంటే చెప్పలేనేమోనని. వెంకటలక్ష్మమ్మ చేటలో బియ్యం ఏరడం ఆపింది.

"సొట్ట నాకు తెల్దనుకున్నావా? ఆ దినమే చూసినాను."

"చూసి ఏమీ అనలేదేమ్మా?"

"ఏమనాలి? ఆ దినం లైన్లో ప్రతి ఇంట్లోనూ సామాను రాలింది. మన పక్కింటి మారమ్మ తెలుసు కదా? సజ్జ నిండా గిన్నెలే, ఏనాడన్నా దింపినాదా ఆ సోమరిది? అంతా పడి పగిలె. దాని మొగుడు తిమ్మప్ప అదే షిఫ్టులో ఉన్నాడు. ఈనాటికీ పేటలో బీడీ కాలస్తా తిరగతా ఉండాడు, పో, చూసిరా!"

గురువమ్మ గడపకు జారగిలబడిపోయింది. "మరి నాయన దినామూ ఏంటికి దింపతా ఉండె? బ్లాస్ట్ రాకుండానే కదా?"

"అయ్యో నా తల్లీ! గిన్నె దింపితే బండ ఆగతాదా? మీ నాయన అంత తెలివితక్కువోడా?" వెంకటలక్ష్మమ్మ చేట పక్కన పెట్టింది. "నీ కోసరం కదే. చంటిదానివి, గిన్నె పడితే ఉలిక్కిపడి నీలమయ్యేదాకా ఏడస్తా ఉంటివి. నేను పొయ్యి కాడ ఉంటే నిన్నెత్తుకునేవాళ్ళు లేరు. నా బిడ్డ బెదరకూడదని ఆయప్ప అట్ల దింపి పోతా ఉండె. నువ్వు పెద్దయినా ఆ అలవాటు పోలేదు."

తల్లి పెట్టె అడుగునుంచి క్యారియర్ తీసి చేతిలో పెట్టింది. సొట్ట అట్లాగే ఉంది. గురువమ్మ బస్సులో దారంతా దాన్ని ఒళ్ళో పెట్టుకుని ఏడ్చింది. పక్కన కూర్చున్న ముసలమ్మ ఎవరో పోయారనుకుని తనూ రెండు కన్నీటి చుక్కలు రాల్చింది.

నాలుగో జ్వరం కూడా తీరింది. వారానికి పురుగులు పండి పచ్చబారాయి. ఇక వాటిని ఏరి, గూడు కట్టడానికి చంద్రికల మీద, అంటే వెదురు చుట్ల తడికల మీద వదలాలి. ఆ రోజే నంగలి నుంచి హనుమక్క వచ్చింది, చేతిలో ఒక ఖాళీ సంచితో. పాప బట్టలకు.

గురువమ్మ పొద్దున్నే లేచి, తన పాత చీర ఒకటి తీసి, రామచంద్ర చేత వంటింటి దూలానికి ఉయ్యాల కట్టించింది. మధ్యాహ్నం పాపను అందులో వేసింది. సజ్జ మీద ఒక పక్క గ్లాసు, ఒక పక్క క్యారియర్. రామచంద్ర చంద్రికలు తేవడానికి పోతే, ఎదురుగా ఒక్కతే కూర్చుని కాగితం మీద ఏడు రాసింది.

రెండయింది. ధడ్ మంది నేల.

దొడ్డమునియప్ప మొదటి బోరులో నీళ్ళు పడలేదట, రెండో బోరు వేయిస్తున్నాడు. ఆ మహానుభావుడికి వేరే రోజే దొరకలేదు! ధడ్ ధడ్ ధడ్. గోడవారగా బోర్లించిన గిన్నెలు గలగలమన్నాయి. ఉయ్యాల వణికింది. పురుగుల గదిలోంచి పరుగెత్తుకొచ్చిన పిల్లమ్మ, హనుమక్క గడపలో ఆగిపోయారు. గురువమ్మ ముఖంలో నెత్తుటి చుక్క లేదు. పెన్సిలు చేతిలోంచి జారిపోయింది. సజ్జ మీద గ్లాసు వణుకుతూ వణుకుతూ, ఎవరో వేలితో నెడుతున్నట్టు, అంచు దాకా వచ్చింది. ఆమె చేతులు లేచాయి. అందుకోబోయాయి. గురువమ్మ వాటిని చంకల్లో ఇరికించుకుని, పళ్ళు బిగించి కూర్చుంది.

గ్లాసు పడింది. ఖంగుమని రాతినేల మీద మోగి, దొర్లి, గోడను తాకి ఆగింది.

గురువమ్మ ఎదురుచూసింది. ఇరవై ఏళ్ళనాడు ఈ చప్పుడు తర్వాత వచ్చిన చప్పుడు కోసం ఒళ్ళంతా చెవులు చేసుకుని ఎదురుచూసింది. సైరన్ రాలేదు. వచ్చింది పాప ఏడుపు. ఉలిక్కిపడి, పెదవి విరిచి, ఊపిరి బిగబట్టి, ఎర్రగా కందిపోయి గుక్కపట్టింది పాప.

గురువమ్మ ఒక్క ఉదుటున లేచి ఉయ్యాల్లోంచి తీసి భుజాన వేసుకుంది. "ఏం లేదమ్మా. గ్లాసు పడింది, అంతే. గ్లాసు పడింది తల్లీ, ఇంగేం కాలేదు." వీపు నిమురుతూ అదే మాట అంటూనే ఉంది. పాప ఊరుకున్నాక కూడా అంటూనే ఉంది. ఆ మాట ఎవరికి చెబుతోందో గడపలో నిలబడిన ఇద్దరికీ తెలియదు. కానీ పిల్లమ్మ కళ్ళు తుడుచుకుంది.

బోరు ఇంకా మోగుతూనే ఉంది. పిల్లమ్మ వచ్చి గ్లాసు తీసింది. కోడలి అలవాటు తెలిసిన మనిషి కదా, గోడవారగా బోర్లించబోయింది.

"ఆడ వద్దత్తా. పైన పెట్టు."

"మళ్ళా పడతాదేమోమ్మే."

"పడితే మళ్ళా పెడదాము."

పిల్లమ్మ మునివేళ్ళ మీద లేచి, క్యారియర్ పక్కన గ్లాసు పెట్టింది. హనుమక్క చేతిలోని ఖాళీ సంచిని మడిచి నడుముకు దోపుకుని, పురుగులు ఏరడానికి పోయింది.